అవి స్వేద రంధ్రాలు కావు, రోమకూపాలు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక అందం పేజీలో ఇటీవల ‘స్వేద రంధ్రాలు మూసుకోవాలంటే’ అన్న శీర్షికతో వచ్చిన చిన్న వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. ముఖం మీద రంధ్రాలు పెద్దవిగా కనిపిస్తున్నాయని బాధపడేవారు రాత్రిపూట ఆవిరి పట్టి వాటిని తెరవాలని, ఆ తరువాత సీరం రాసుకోవాలని, చివరగా చల్లటి నీళ్లు చల్లుకుంటే అవి మూసుకుపోతాయని, ఇలా ఒక వారం చేస్తే చాలని అందులో ఉంది. అలాంటి సీరాన్ని నేను 12 వారాల పాటు, ముఖంలో ఒక పక్కకు మాత్రమే రాస్తూ, వారం వారం తేడా రాసిపెట్టుకుంటూ వాడి చూశాను. అంతకుముందు ఇలాంటి సలహాలనే నమ్మి ముఖం కాల్చుకున్నాను కూడా. అందువల్ల ఆ వ్యాసంలో ఏది నిలుస్తుందో ఏది నిలవదో చెప్పవలసిన బాధ్యత నా మీద ఉందనుకుంటున్నాను. ఉత్తరం పొడవైనదని తోస్తే కుదించి వేసుకోండి. కానీ ‘రంధ్రం’ అన్న మాట గురించి రాసిన భాగాన్ని మాత్రం ఉంచవలసిందిగా మనవి.

నేను కళ్లద్దాలు అమర్చే పనిలో 19 ఏళ్లుగా ఉన్నాను. ఎదురుగా కూర్చున్న మనిషి ముక్కు మీద ఫ్రేము పెట్టి, రెండు పక్కలా ప్యాడ్లు సమంగా ఆనాయో లేదో జానెడు దూరం నుంచి చూసి, తీసి, కాస్త వంచి, మళ్లీ పెట్టి చూడటం నా పని. ముక్కుల్ని ఇంత దగ్గరగా, ఇంత వెలుతురులో రోజూ చూసేవారు చర్మవైద్యుల తరువాత మాలాంటివారే అయి ఉంటారు. ఈడు వచ్చిన ఏ మనిషి ముక్కు మీదైనా ఆ సన్నటి గుంటలు ఉంటాయి. జిడ్డు చర్మమైతే కాస్త ఎక్కువగా, పొడి చర్మమైతే కాస్త తక్కువగా కంటికి ఆనుతాయి. అవి లేని ముక్కును నేను ఇంతవరకు చూడలేదు. ఇంత తెలిసి కూడా, 43వ ఏట నా ముక్కు పక్కన, బుగ్గల మీద అవి స్పష్టంగా కనిపించడం మొదలయ్యాక, ఫొటోల్లో నా ముఖాన్ని పెద్దది చేసి చూసుకుని కుంగిపోయాను. ఆ బాధ చిన్నది కాదని ముందే చెప్పదలచుకున్నాను. ‘ఇదీ ఒక సమస్యేనా’ అని కొట్టిపారేసేవారు, రోజంతా ఎదుటివారికి జానెడు దూరంలో ముఖం పెట్టి పనిచేయవలసిన మనిషి స్థితిని ఒక్కసారి తలచుకోవాలి.

మొదటి సీరాన్ని ప్రకటన చూసి కొన్నాను. 7 రోజుల్లో రంధ్రాలు మాయమవుతాయన్నది దాని వాగ్దానం. మొదటి రోజు రాసుకోగానే ముఖం నున్నగా అయిపోయింది, ముక్కు పక్కన గుంటలు నిజంగానే సగానికి సగం కనిపించలేదు. రాత్రి ముఖం కడుక్కున్నాక చూస్తే అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ నునుపంతా సీరంలో ఉన్న డైమెథికోన్ అనే సిలికోన్‌దని తరువాత తెలిసింది. గోడకు లప్పం పెట్టినట్టు అది గుంటను పైపైన నింపి చదును చేస్తుంది, వెలుతురు పడే తీరును మారుస్తుంది, కడిగితే పోతుంది. ఒక పూట నున్నగా కనిపించడానికి అది పనికివచ్చే పదార్థమే. నేను దాన్ని వైద్యమనుకుని, ఆవిరి పట్టి మరీ, రోజుకు రెండుసార్లు రాశాను. అదే సీసాలో చర్మం పైపొరను పొట్టులా లేపే గ్లైకోలిక్ ఆమ్లం, సువాసన ద్రవ్యం కూడా ఉన్నాయన్న సంగతి పట్టించుకోలేదు. మంట పుడితే పనిచేస్తున్నట్టే అని ఎక్కడో చదివిన మాట పట్టుకుని మంటను ఓర్చుకున్నాను. అయిదో రోజుకు బుగ్గలు ఎర్రబడి, పొట్టు లేచి, మామూలు నీళ్లు తగిలినా చురుక్కుమనే స్థితికి వచ్చాయి. ఎరుపు పది రోజుల్లో తగ్గింది కానీ, కుడి బుగ్గ మీద అది వదిలిపెట్టి వెళ్లిన గోధుమరంగు మచ్చ మాసిపోవడానికి అయిదు నెలలు పట్టింది. చామనఛాయ చర్మంలోనూ నల్లటి చర్మంలోనూ మంట, వాపు వచ్చిన చోట చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎక్కువగా తయారై ఇలా మచ్చ మిగలడం చాలా సాధారణం. ఈ ఒక్క సంగతి సీసా మీద గానీ వ్యాసంలో గానీ ఉండి ఉంటే నేను రెండో రోజే ఆపేసేదాన్ని.

అప్పుడు చర్మవైద్యురాలి దగ్గరకు వెళ్లి, ‘స్వేద రంధ్రాలు పెద్దవయ్యాయని సీరం వాడానండీ’ అని చెప్పాను. ఆవిడ నా చేతిని తీసుకుని అరచేతిని పైకి తిప్పి, ‘ఇక్కడ చెమట పడుతుందా అమ్మా?’ అని అడిగారు. పడుతుందన్నాను. ‘జిడ్డు పడుతుందా? ముక్కు మీదిలాంటి గుంటలు ఉన్నాయా?’ అన్నారు. చూసుకుని, లేవన్నాను. నా కళ్లు తెరిపించడానికి ఆ రెండు ప్రశ్నలే సరిపోయాయి.

అరచేతుల్లో, అరికాళ్లలో చెమట గ్రంథులు శరీరంలో మరెక్కడా లేనంత దట్టంగా ఉంటాయి. ముఖం మీద మనకు కనిపించే గుంటలు చెమట గ్రంథులవే అయితే అరచెయ్యి అంతా జల్లెడలా కనిపించాలి. కనిపించదు, ఎందుకంటే చెమట దారుల నోళ్లు మామూలు కంటికి ఆననంత సూక్ష్మమైనవి. అరచేతిలో వెంట్రుకలు లేవు, నూనె గ్రంథులూ లేవు, కాబట్టే అక్కడ జిడ్డూ లేదు, గుంటలూ లేవు. ముక్కు మీద మనం చూస్తున్నవి వెంట్రుక కుదుళ్ల నోళ్లు. అక్కడి వెంట్రుక చూపుకు అందనంత సన్నటి నూగు, దాని పక్కనే ఉండే నూనె గ్రంథి మాత్రం బాగా పెద్దది. ఆ గ్రంథిలో తయారయ్యే సీబం అనే నూనె, వెంట్రుక వెంబడి పైకి వచ్చి చర్మం మీద పరుచుకుంటుంది. ఆ దారి పైకి తెరుచుకునే చోటునే మనం రంధ్రం అంటున్నాం.

దీనికి తెలుగులో ఎప్పటినుంచో చక్కటి మాట ఉంది. అది రోమకూపం. రోమం మొలిచే కూపం, అంటే వెంట్రుక బావి. పత్రికల్లో, ప్రకటనల్లో, సీసాల మీది తెలుగు రాతల్లో ఆ మాట పోయి ‘స్వేద రంధ్రం’ వచ్చి కూర్చుంది. దీన్ని మాటల పట్టింపుగా తీసుకోవద్దని వేడుకుంటున్నాను. స్వేద రంధ్రం అనగానే చెమట పట్టేటప్పుడు తెరుచుకుని చల్లబడగానే మూసుకునే తలుపులాంటిదేదో మనసులో మెదులుతుంది. ఆవిరితో తెరవడం, చల్లటి నీళ్లతో మూయడం అనే సలహాలన్నీ ఆ ఊహ మీద కట్టినవే. బావి అనుకున్నప్పుడు ఆ ఊహకు తావే ఉండదు. బావికి తలుపు లేదు. బావిలో పూడిక చేరుతుంది, పూడిక తీయవచ్చు. ఒడ్డు మట్టి వదులైతే నోరు వెడల్పవుతుంది, ఒడ్డును కాపాడుకోవచ్చు. సీరం నుంచి ఏది ఆశించవచ్చో, ఏది ఆశించకూడదో ఆ పాత మాట దగ్గరే నాకు బోధపడింది.

రోమకూపం నోటి చుట్టూ దాన్ని మూసే కండరమేదీ లేదు. చలికో, ఉద్వేగానికో ఒళ్లు గగుర్పొడిచినప్పుడు పనిచేసే చిన్న కండరం ఒకటి వెంట్రుక కుదురును అంటిపెట్టుకుని ఉంటుంది. అది వెంట్రుకను నిలబెడుతుందే తప్ప ముఖం మీది కూపం నోటిని బిగించలేదు. ఆవిరి వేడికి పైన పేరుకున్న జిడ్డు మెత్తబడుతుంది కాబట్టి కడిగితే తేలికగా పోతుంది, దాన్నే మనం ‘తెరుచుకోవడం’ అనుకుంటాం. చల్లటి నీళ్లు తగిలితే చర్మం కాసేపు బిగిసినట్టు అనిపిస్తుంది, కొద్దిసేపటికి ఆ అనుభూతీ పోతుంది. వీటివల్ల హాని లేదని ఊరుకోవచ్చు గానీ, ఆవిరి పట్టి ఎర్రబడిన చర్మం మీద వెంటనే సీరం రాయమనడం, ఆ సీరంలో ఆమ్లం ఉండవచ్చునన్న హెచ్చరికైనా చేయకపోవడం, మీ వ్యాసంలో అన్నిటికన్నా నన్ను కలవరపెట్టిన విషయం. నేను కాల్చుకున్నది సరిగ్గా ఆ పద్ధతిలోనే.

ఇక కూపం నోరు పెద్దదిగా ఎందుకు కనిపిస్తుందన్న ప్రశ్న. నూనె ఎక్కువగా ఊరే చర్మంలో దారి వెడల్పుగా ఉంటుంది. ఇది చాలావరకు పుట్టుకతో, హార్మోన్లతో వచ్చేది. ఈడు వచ్చాక పిల్లల ముక్కులు నిగనిగలాడటం మొదలయ్యేది ఇందుకే. రెండో కారణం వయసు, ఎండ. కూపం చుట్టూ ఉండి దాన్ని బిగువుగా పట్టి ఉంచే కొల్లాజెన్, ఎలాస్టిన్ పోగులు ఏళ్ల తరబడి ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలి బలహీనపడతాయి. అప్పుడు గుండ్రటి నోరు కిందికి జారి కోలగా సాగుతుంది. బుగ్గల మీద అలా సాగిన గుంటలు నా దగ్గరకు వచ్చే పెద్దవయసు వారిలో తరచూ కనిపిస్తాయి. మూడోది పూడిక. నూనె, రాలిన చర్మకణాలు కలిసి నోట్లో బిరడాలా నిలిచిపోతే ఆ మేరకు నోరు సాగుతుంది. పూడిక పైభాగం నల్లబడేది మురికి వల్లనని చాలామంది అనుకుని బరబరా రుద్దుతారు. అది గాలి తగిలి మారిన నూనెకూ మెలనిన్‌కూ వచ్చిన రంగు, రుద్దితే పోయేది కాదు. ముక్కు మీద వరుసగా కనిపించే బూడిదరంగు చుక్కల్లో చాలావరకు అసలు బ్లాక్‌హెడ్స్ కూడా కావు. అవి ప్రతివారి కూపాల్లోనూ సహజంగా ఉండే నూనె పోగులు. పిండినా, పట్టీలు అంటించి లాగినా కొన్ని వారాల్లో మళ్లీ నిండుతాయి, నిండాలి కూడా.

మచ్చ పూర్తిగా మాసిన తరువాత, మళ్లీ ఏదైనా వాడవచ్చా అని అడిగితే, ఒకే ఒక్క క్రియాశీల పదార్థం ఉన్న సీరం ఎంచుకోమని, కనీసం రెండు మూడు నెలలు చూడకుండా తీర్పు చెప్పవద్దని వైద్యురాలు అన్నారు. ఆవిడ చెప్పినది 5 శాతం నియాసినమైడ్, సువాసన లేనిది. నియాసినమైడ్ బి3 విటమిన్ రూపాల్లో ఒకటి. గ్లైకోలిక్ ఆమ్లంలా పొట్టు లేపేది కాదు, చాలామంది చర్మానికి పడుతుంది. ముందు దాన్ని మోచేతి లోపలి మడతలో రోజుకు రెండుసార్లు చొప్పున వారం రోజులు రాసి, దురద గానీ ఎరుపు గానీ రాలేదని చూసుకున్నాను. ఆ తరువాతే ముఖం మీదికి వెళ్లాను, అదీ కుడి సగానికి మాత్రమే. ముఖం మొత్తానికి రాస్తే, మార్పు సీరం వల్ల వచ్చిందో వాతావరణం వల్ల వచ్చిందో తేల్చుకోలేననిపించింది. ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్ రెండు పక్కలా ఒకటే. కుడివైపు మాత్రం ఉదయం, రాత్రి రెండేసి చుక్కల సీరం. వేరే ఏమీ మార్చలేదు.

కొలవడానికి నా దగ్గర యంత్రాలేమీ లేవు, నా పనిలో వాడేవే వాడాను. సాయంత్రం కళ్లద్దాలు తీసి, పల్చటి టిష్యూ కాగితాన్ని ముక్కుకు రెండు పక్కలా ఒకేసారి ఒత్తి, వెలుతురుకు పట్టి చూసేదాన్ని. నూనె తాకిన చోట కాగితం అద్దంలా పారదర్శకమవుతుంది, ఆ మరక ఎంత ఉందో పక్కనే పెన్సిలుతో గీసి తేదీ వేసేదాన్ని. వారానికి ఒకసారి, ఒకే కిటికీ పక్కన, ఒకే సమయంలో, ఫోన్‌ను దూరంగా నిలబెట్టి ఫ్లాష్ లేకుండా రెండు పక్కలా ఫొటో తీసుకున్నాను.

మొదటి మూడు వారాలు మరకల్లో తేడా లేదు. మానేద్దామనిపించిన రోజులు ఉన్నాయి, ఎవరికైనా ఉంటాయి, అందుకే రాస్తున్నాను. అయిదో వారంలో ఒక మధ్యాహ్నం నా కళ్లద్దాలు ఎడమవైపుకు వాలి ఉన్నాయని పక్కనున్న సహోద్యోగి చెప్పింది. ఫ్రేము వంగిందేమోనని తీసి, తలకిందులుగా బల్ల మీద పెట్టి చూశాను. రెండు పక్కలా సమంగానే ఆనింది. కొమ్ములు చూశాను, మరలు చూశాను, అన్నీ సరిగానే ఉన్నాయి. అప్పుడు ప్యాడ్లు చూస్తే తెలిసింది. ఎడమ ప్యాడ్ ఎప్పటిలాగే జిడ్డుకు తడిసి జారుతోంది, కుడి ప్యాడ్ దాదాపు పొడిగా తన చోట నిలబడి ఉంది. ఆ సాయంత్రం టిష్యూ మీద కుడి మరక ఎడమదాంట్లో సగం కన్నా కాస్త ఎక్కువ. ఇన్నేళ్లలో ఎందరికో జారే కళ్లద్దాలు సరిచేశాను గానీ, ఒక పక్కే జారడం మానేసిన ముక్కును చూడటం అదే మొదటిసారి. ఆ రోజు కలిగిన సంతోషాన్ని దాచుకోవలసిన పనిలేదు.

నా ఒక్కదాని ముఖం రుజువు కాదని నాకు తెలుసు. కానీ ఇదే విషయాన్ని పద్ధతిగా పరీక్షించినవారు ఉన్నారు. 2006లో ప్రచురితమైన ఒక పరిశోధనలో జపాన్‌కు చెందిన 100 మందిలో 50 మందికి 2 శాతం నియాసినమైడ్ ఉన్న లేపనాన్ని, మిగిలిన 50 మందికి అది లేని లేపనాన్ని 4 వారాల పాటు ఇచ్చారు. నియాసినమైడ్ వాడినవారిలో నూనె ఊరే వేగం 2 వారాలకూ 4 వారాలకూ గణనీయంగా తగ్గింది. అదే పరిశోధనలో 30 మంది తెల్లజాతివారి మీద ముఖానికి ఒక పక్క రాసి 6 వారాలు చూసినప్పుడు, చర్మం మీద పేరుకున్న నూనె తగ్గింది గానీ అది ఊరే వేగంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఫలితం చర్మాన్ని బట్టి మారుతుందని దాన్నిబట్టే తెలుస్తోంది. పైగా అక్కడ వాడినది 2 శాతమే. ఇప్పుడు 10 శాతం, ఇంకా పైన అని పోటీపడి అమ్ముతున్నారు. పరిశోధనల్లో ఎక్కువగా వాడినది 2 నుంచి 5 శాతం మధ్యే, శాతం పెరిగితే చురుకు, ఎరుపు వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది.

ఎనిమిదో వారానికి కుడివైపు బూడిదరంగు చుక్కలు కొంచెం పలచబడ్డాయి. పన్నెండో వారం చివర రెండు పక్కల ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. ఎదుటి నుంచి వెలుతురు పడినప్పుడు కుడి బుగ్గ కాస్త నునుపుగా, కుడి ముక్కు పక్క కాస్త మెరుపు తగ్గి ఉంది. పక్క నుంచి వెలుతురు పడినప్పుడు, ప్రతి గుంటకూ నీడ ఏర్పడినప్పుడు, రెండు పక్కలా గుంటలు అన్నే ఉన్నాయి, పెద్ద గుంటలు రెండువైపులా అంతే పెద్దగా ఉన్నాయి. అంటే పూడిక తగ్గింది, నూనె తగ్గింది, బావి నోరు మాత్రం మూసుకోలేదు. నేను నిరాశపడలేదు, ఎందుకంటే అంతకుమించి రాదని ఈసారి ముందే తెలుసు. ఆ తెలియడమే మొదటిసారి లేకపోయింది.

ఇక్కడ సీసాల మీది భాష గురించి ఒక మాట చెప్పాలి. చాలా సీరాల మీద ఇంగ్లిషులో, రంధ్రాలు ‘కనిపించే తీరు’ను తగ్గిస్తుందని జాగ్రత్తగా రాసి ఉంటుంది. రంధ్రం చిన్నదవుతుందని కచ్చితంగా రాస్తే నిరూపించవలసి వస్తుంది కాబట్టి ఆ జాగ్రత్త. అదే ప్రకటన తెలుగులోకి వచ్చేసరికి ‘కనిపించే’ అన్న మాట రాలిపోయి ‘రంధ్రాలను తగ్గిస్తుంది’, ‘రంధ్రాలు మాయం’ అయిపోతుంది. ఇంగ్లిషు చదివే పాఠకురాలికి ఒక వాగ్దానం, తెలుగు చదివే పాఠకురాలికి అంతకన్నా పెద్ద వాగ్దానం చేయడం న్యాయం కాదు. తెలుగులో రాసేవారే, దిద్దేవారే దీన్ని పట్టుకోవాలి.

పదార్థాల జాబితా చదవడం కూడా పాఠకులకు నేర్పించవచ్చు, అది కష్టమైన విద్య కాదు. జాబితాలో ఎక్కువ మోతాదులో ఉన్నవి ముందు, తక్కువ ఉన్నవి తరువాత రాయడం సాధారణ నియమం. 1 శాతం లోపు ఉన్నవాటిని మాత్రం ఏ వరుసలోనైనా రాయవచ్చు. ఫినాక్సీఇథనాల్ అనే నిల్వ పదార్థాన్ని మామూలుగా 1 శాతానికి మించి వాడరు. కాబట్టి ముందు వైపు పెద్ద అక్షరాలతో పేరు వేసిన పదార్థం, వెనుక జాబితాలో ఫినాక్సీఇథనాల్ తరువాత ఎక్కడో కనిపిస్తే, అది అందులో 1 శాతానికి మించి ఉండదని అర్థం చేసుకోవచ్చు. నా మొదటి సీసాను పారేసే ముందు ఇలా చదివి చూశాను. ముందు వైపు చెప్పుకున్న మొక్కల సారం చిట్టచివర, సువాసన ద్రవ్యం కన్నా వెనుక ఉంది.

ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం మా అక్క కూతురు. దానికి 16 ఏళ్లు. కిందటి నెల కొత్త కళ్లద్దాలు పెట్టించుకోవడానికి నా దగ్గరకు వచ్చింది. నేను ఫ్రేము సరిచేయడానికి ముందుకు వంగితే ముఖం పక్కకు తిప్పేసుకుని, ‘పిన్నీ, నా ముక్కు అంత దగ్గర నుంచి చూడొద్దు’ అంది. చూస్తే ముక్కు చుట్టూ, బుగ్గల మీద చర్మం ఎర్రగా, బిగిసి మెరుస్తోంది. అడగ్గా అడగ్గా చెప్పింది. నియాసినమైడ్ సీరం, సాలిసిలిక్ ఆమ్లం సీరం, రెటినాల్ సీరం మూడూ తెచ్చుకుని, మూడూ రంధ్రాలకు మంచివే కాబట్టి మూడూ ఒకే రాత్రి ఒకదాని మీద ఒకటి రాస్తోందట. ఆవిరి పట్టాకే. ఎక్కడ చదివావంటే, పేపరు కటింగ్ ఫోన్‌లో దాచుకున్నది చూపించింది. దాని ముక్కు మీద ఆ వయసులో ఎవరికైనా ఉండే గుంటలు తప్ప ఏమీ లేవు. ‘నాక్కూడా ఉన్నాయి, చూడు’ అని నా కళ్లద్దాలు తీసి ముఖం దగ్గరకు పెట్టాను. చాలాసేపు చూసి, ‘నీకు ఉన్నాయని నేనెప్పుడూ గమనించనేలేదు పిన్నీ’ అంది. అన్ని సీరాలూ ఆపించి, వైద్యురాలి దగ్గరకు తీసుకెళ్లాం. ఇప్పుడు మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ మాత్రమే రాస్తోంది, ఎరుపు తగ్గింది.

ఆ పిల్ల వాడిన మిగతా రెండూ చెడ్డవని నేను అనడం లేదు. సాలిసిలిక్ ఆమ్లానికి నూనెలో కరిగే గుణం ఉంది కాబట్టి అది కూపంలోని పూడికలోకి దిగి దాన్ని వదులు చేయగలదు. సీరాల్లో సాధారణంగా 0.5 నుంచి 2 శాతం ఉంటుంది. ఆస్పిరిన్ పడనివారు దాని జోలికి వెళ్లకూడదు. రెటినాల్ చేరిన ఎ విటమిన్ కుటుంబం, అంటే రెటినాయిడ్ల సంగతి ఇంకా పెద్దది. వాటిలో ఒకటైన ట్రెటినాయిన్‌ను అమెరికాలో మొటిమల చికిత్సకు 1971లోనే ఆమోదించారు. కొల్లాజెన్‌ను పెంచి బావి ఒడ్డును కొంతైనా గట్టిపరిచే శక్తి పైపూత మందుల్లో వీటికే ఎక్కువ. కానీ అవి మొదట్లో చర్మాన్ని బాగా ఎండగొడతాయి, గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు వాడకూడదు, వైద్యుల సలహాతో మెల్లగా అలవాటు చేసుకోవాలి. ఇంత తేడా ఉన్న మూడు పదార్థాలను ‘రంధ్రాల సీరాలు’ అని ఒకే గాటన కట్టి రాయడం వల్లే అవి ఒకే ముఖం మీద ఒకే రాత్రి కలుస్తున్నాయి.

మీ వ్యాసంలో అసలు లేనిది సన్‌స్క్రీన్. ఒడ్డును వదులు చేసేవాటిలో ముఖ్యమైనది ఎండ. దానిలోని దీర్ఘతరంగ అతినీలలోహిత కిరణాలు చర్మపు లోపలి పొర దాకా దిగుతాయి, కిటికీ అద్దం గుండా కూడా చాలావరకు లోపలికి వస్తాయి. 30 ఎస్‌పీఎఫ్ ఉన్నది, దీర్ఘతరంగ, హ్రస్వతరంగ అతినీలలోహిత కిరణాలు రెండింటినీ ఆపే బ్రాడ్ స్పెక్ట్రమ్ అని రాసి ఉన్నది తగినంతగా రాసుకోవడం ఏ సీరం కన్నా ముందు చేయవలసిన పని అని వైద్యురాలు నాకు మొదటి రోజే చెప్పారు. పైగా గ్లైకోలిక్ ఆమ్లం వాడేవారి చర్మం ఎండకు ఇంకా సున్నితమవుతుంది.

ఫొటోల సంగతి కూడా పట్టించుకోవాలి. ఫోన్‌ను ముఖానికి దగ్గరగా పెట్టి తీసే ఫొటో ముక్కును ఉన్నదానికన్నా పెద్దది చేస్తుంది. 12 అంగుళాల దూరం నుంచి తీస్తే, 5 అడుగుల నుంచి తీసినదానితో పోల్చినప్పుడు ముక్కు వెడల్పు సుమారు 30 శాతం ఎక్కువగా కనిపిస్తుందని 2018లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. మరో పక్క ప్రకటనల్లో చర్మాన్ని పూర్తిగా నునుపు చేసేస్తారు. చర్మాన్ని మార్చిన ప్రకటన ఫొటోల మీద ఆ సంగతి ముద్రించి తీరాలని నార్వేలో 2022 నుంచి చట్టం అమలులో ఉంది. సౌందర్య సాధనాల ప్రచారంలో ఫలితాన్ని పెంచి చూపించే ఫిల్టర్లు వాడకూడదని బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ 2021లో చెప్పింది. ఒక పత్రిక తన పేజీల వరకు అలాంటి నియమం పెట్టుకోవడానికి చట్టం కోసం ఎదురుచూడనక్కరలేదు. మీ వ్యాసం పక్కన వేసిన ఫొటోలోని అమ్మాయి ముక్కు మీద ఒక్క కూపం కూడా లేదు. అలాంటి ముక్కు నాకు నా పనిలో ఎన్నడూ తారసపడలేదని మళ్లీ చెబుతున్నాను.

కాబట్టి నా విన్నపం ఇది. వచ్చే వారం అదే పేజీలో, అదే పరిమాణంలో ఒక సవరణ వేయండి. అందులో రోమకూపాలు అని రాయండి, అవి మూసుకోవని రాయండి. ఆవిరి పట్టిన చర్మం మీద వెంటనే సీరం రాయవద్దని రాయండి. ఇకముందు ఏ సీరం గురించి రాసినా అందులోని పదార్థం పేరు, శాతం, ఎన్ని వారాలకు ఫలితం కనిపించవచ్చు, ఎవరు వాడకూడదు అన్నవి తప్పకుండా చేర్చండి. చర్మపు పైపొర పూర్తిగా మారడానికి పడుచు వయసులోనే దాదాపు 28 రోజులు పడుతుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. ఆ లెక్క తెలిస్తే ఒక వారంలో మాయమవుతాయన్న మాటను ఏ పాఠకురాలూ నమ్మదు.

నేను మొన్నటి నుంచి ఎడమవైపుకు కూడా అదే సీరం మొదలుపెట్టాను, కళ్లద్దాలు నిటారుగా నిలబడటానికి. మొదటి వారంలో, పన్నెండో వారంలో తీసిన ఫొటోలు, తేదీలు వేసిన టిష్యూ కాగితాలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. సవరణతో పాటు వేసుకోవడానికి పనికివస్తాయనుకుంటే ఫొటోల్ని ఏ మార్పూ చేయకుండా మీకు పంపుతాను. వాటి మధ్య తేడాను పాఠకులు కాస్త వెతుక్కోవలసి వస్తుంది. వాటిని అలాగే వేయండి.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు